బ్లేడు మీద సిలువ

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఉద్యోగం దొరికిందంటే పెళ్ళి కుదిరినంత సందడి. గనులు మూతపడ్డాక కేజీఎఫ్ జనమంతా చీకటితోనే రైలెక్కి బెంగళూరుకు పోయి వస్తుంటే, నాకు మాత్రం కోరమండల్ పేటలో గని కార్మికుల వరుస ఇళ్ళలోని మా లైను ఇంటికి సైకిలు దూరంలోనే పని దొరికింది. టర్బైన్ బ్లేడ్లు వేడికి పాడవకుండా వాటికి పింగాణీ పూత వేసే చిన్న వర్క్‌షాపు అది. బ్రష్షుతో వేసే పూత కాదు. ఫర్నేసులో గాలి తీసేసి, బ్లేడ్లను ఎర్రగా కాల్చి, రసాయనాల ఆవిరి పంపితే అదే వాటి మీద పలచగా పేరుకుంటుంది. (అమ్మకు ఇది వారం రోజులు వివరించాను. “ఇడ్లీ పాత్ర మాదిరి కదమ్మా” అంది. ఒప్పుకోలేదు కానీ, పెద్ద తప్పేం లేదు.)

వర్క్‌షాపు నడిపే మా మైక్రాన్ సార్ దోసె మందం కూడా మైక్రాన్లలో చెప్పే మనిషి. నేను సిద్ధం చేసిన మొదటి బ్యాచ్ పాసైతే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు. నాన్న గనిలోకి దిగే ప్రతి షిఫ్టుకూ ముందు అమ్మ ఆయన నుదుటి మీద ప్రార్థన చేసిన కొబ్బరినూనెతో సిలువ గుర్తు వేసేది. “ఒక్క దినమైనా మీ నాయన పైకి రాకుండా ఉన్నాడా?” అంటూ ఆ నూనె బుడ్డీనే నా చేతిలో పెట్టింది. నేను సైన్సు చదివినదాన్ని. అయినా బ్లేడ్లన్నీ కడిగి, తుడిచి, వేలాడదీశాక చేయి ఊరుకోలేదు. గ్లవ్ తీసి మొదటి బ్లేడు మీద చిన్న సిలువ గీశాను.

మర్నాడు ఫర్నేసు తెరిస్తే అన్నీ తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప. దాని మీద పూత సరిగ్గా సిలువ ఆకారంలో ఊడిపోయింది. ఒకప్పుడు గనిలో లిఫ్టు నడిపి, ఇప్పుడు ఫర్నేసు చూసే వైండింగ్ మామ రెండు చేతులూ జోడించాడు. “చూడమ్మా, దేవుడే వచ్చినాడు.” సాయంత్రానికి దాని పక్కన ఎవరో మల్లెపూలు కూడా పెట్టారు. సార్ మాత్రం ఫర్నేసులోకి గాలి చొరబడిందని రెండు రోజులు గొట్టాలన్నీ విప్పించి, “యాడ ఉండాదప్పా లీకు?” అని వెతికాడు. నేను నూనె సంగతి దాచి, ఆయనకు స్పానర్లు అందిస్తూ ఉన్నాను. చివరికి ఆయన మామ వైపు తిరిగి, “గాలి తీసే పంపు నువ్వే సరిగా చూడలేదు. రేపట్నుంచి రావద్దు” అన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మామ తల వంచుకుని టిఫిన్ డబ్బా అందుకున్నాడు. ఆ డబ్బా చూశాక ఇక ఆగలేకపోయాను.

“సార్, లీకు లేదు. నూనె ఉండాది, అందుకే ఆడ పూత పట్టలేదు. మా అమ్మ ఇచ్చింది. నేనే పూసినాను.”

ఉద్యోగం పోయిందనుకున్నాను. సార్ ఆ బ్లేడును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

“ఎన్ని మైక్రాన్లు పూసినావమ్మా?”

“అర చుక్క సార్.”

“ఇంగ ఫర్నేసు తలుపు బయట పూసుకో. బయట ఎంతైనా పూసుకో.” తర్వాత మామ చేతిలోని డబ్బా తీసి మళ్ళీ బల్ల మీద ఆయనే పెట్టాడు. రెండో బ్యాచ్ పాసైంది.

ఇప్పుడు కొత్తవాళ్ళకు గ్లవ్ ఎందుకు తీయకూడదో గంటసేపు పాఠం చెబుతాను. నూనె బుడ్డీ ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ఫర్నేసు తలుపు మూశాక, అటూ ఇటూ చూసి, బయట పొడి వేలితో సిలువ గీస్తాను. రెండు రోజులు బెల్లం కొట్టిన రాయిలా నిలబడిన ఆనాటి ఆ పిల్లను, అంటే నన్నే, తలచుకుంటే నవ్వొస్తుంది. అర చుక్క నూనె మీద ఆమెకున్న నమ్మకం చూస్తే మాత్రం కాస్త అసూయగా ఉంటుంది.