స్పాంజి గోడ

చేతికందిన వస్తువేదైనా సరే, దాని మీద స్పాంజి పరిచి, గుడ్డ బిగించి, పిన్నులు కొట్టందే మా బావకు తోచదు. సోఫాలు కుట్టడం ఆయన వృత్తి. అక్క ఇంట్లో ముక్కాలిపీటకు మెత్త, చెప్పుల అలమర తలుపుకు మెత్త, ఇస్త్రీపెట్టె పెట్టుకునే పలకకు కూడా మెత్త. అరగంట కదలకుండా కూర్చుంటే నాకూ కుట్టేస్తాడని నా భయం. పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ఆయన కుట్టిన దిండులో కుట్టు ఎక్కడ మొదలైందో కళ్లద్దాల షాపులో పనిచేసే మా అక్కకే కనిపించదు.

ఈ పెద్దమనిషి మా అక్కను చేసుకోకముందు ఐపీ పెట్టాడు. అంటే కోర్టుకెళ్లి, ఇక నా వల్ల కాదు మహాప్రభో అని దివాలా ప్రకటించుకున్నాడు. అప్పట్లో ఆయనకు పెద్ద రోడ్డు మీద షోరూమ్ ఉండేది. అప్పులవాళ్లు వెనక తలుపు బాదుతుంటే ముందు గదిలో కొత్త లైట్లు పెట్టించాడట. పైన పటారం, లోన లొటారం. షాపు మునిగిన సంగతి పనివాళ్లకు ఒక పొద్దున షట్టరుకు వేలాడే తాళం చూస్తేనే తెలిసింది. ఇదంతా తెలిసే అక్క పెళ్లికి ఒప్పుకుంది. ఒక్కటే షరతు.

"డబ్బు పోగొడితే పోగొట్టు. నా దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు."

బావ తలూపాడు. తలూపడం ఆయనకెప్పుడూ కష్టం కాలేదు.

ఇల్లు అక్కది. పెళ్లికి ముందే ఒక ఫైనాన్స్ కంపెనీలో తాకట్టు పెట్టి కొనుక్కుంది. మొదటి కొన్నేళ్లూ తక్కువ వడ్డీ, ఆ తర్వాత కంపెనీవాళ్ల దయ. ఆ గడువు తీరబోతోంది. కొత్త వడ్డీతో నెలవాయిదా కడితే అక్క జీతంలో మిగిలేది బస్సు చార్జీలే. అప్పును ఏదైనా బ్యాంకుకు మార్చుకోవాలి, లేదంటే ఇల్లు అమ్ముకోవాలి. అక్క జీతం ఒక్కటే చాలదు, భర్త సంపాదన కూడా చూపించి ఇద్దరి పేరునా పెట్టండి అంది బ్యాంకు. భర్త పేరు పెడితే ఐపీ బయటపడుతుంది. బావ లేకపోతే అప్పు పుట్టదు. బావ ఉంటే పుడుతుందన్న నమ్మకం లేదు. ఏరికోరి చేసుకున్న మొగుడు మరి.

"కాగితం మీద విడాకులు తీసుకుంటే?" అన్నాడు బావ. దానివల్ల ఏం ఒరుగుతుందో ఆయనకే తెలీదు.

"కాగితం మీదెందుకు, నిజంగానే తీసుకుందాం" అంది అక్క. చర్చ అక్కడితో ముగిసింది.

ఐపీ వ్యవహారం కోర్టులో ఎప్పుడో తేలిపోయింది కాబట్టి చూద్దాం అంది బ్యాంకు ఆఫీసరమ్మ. ముందు బ్యాంకు పంపే వాల్యూయర్ వచ్చి ఇల్లు చూసి ధర కడతాడు, తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి ఆవిడ ముందు కూర్చోవాలి.

ఇంటికి ఉన్న జబ్బల్లా పడకగదిలో మంచం వెనక గోడకు పట్టిన చెమ్మ. పళ్లెమంత మచ్చ. బాత్రూమ్ పైపు లోపలెక్కడో కారుతోంది. ప్లంబర్ని పిలిచి బాగు చేయించమని అక్క బావకు చెప్పింది. గోడ పగలగొట్టాలి, వారం పడుతుంది అన్నాడు ప్లంబర్. వాల్యూయర్ వచ్చేసరికి ఇల్లు గుల్లగా కనిపిస్తే ఎలా అని బావకు దడ పట్టుకుంది. ప్లంబర్ని పంపేసి, బాగైపోయిందని అక్కకు చెప్పి, తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాడు. గోడ మొత్తానికి, కింద నుంచి కప్పుదాకా, చెక్క చట్రం మీద స్పాంజి పరిచి నీలం రంగు మఖ్మల్ బిగించాడు. గుడ్డ లాగి పట్టుకున్నది నేనే.

"బావా, ఇది మసిపూసి మారేడుకాయ చేయడమే."

"మారేడుకాయ కాదు మరదలా, మఖ్మల్. గట్టిగా లాగు."

సాయంత్రం ఇంటికొచ్చిన అక్క ఆ గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తన కోసమే చేశాడనుకుంది. దగ్గరికెళ్లి చెంప ఆనించి చూసింది. బావ నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయన టీ పెట్టడానికి వెళ్లాడు.

వాల్యూయర్ వారం తర్వాత వచ్చాడు. ప్రతి గోడనూ పుచ్చకాయ బేరం చేసేవాడిలా వేళ్లతో కొట్టి విన్నాడు. పడకగదిలోకి రాగానే కొట్టడం మర్చిపోయి నోరు తెరిచాడు.

"మా ఆయనే కుట్టారండీ" అంది అక్క గర్వంగా.

అతను మంచం మీద కూర్చుని, హాయిగా గోడకు చేరగిలబడి, ఏదో రాసుకుని లేచాడు. చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది.

"ఉక్కగా ఉంది కదండీ" అన్నాడు బావ.

అక్క వెళ్లి మఖ్మల్‌ను అరచేత్తో నొక్కింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"బాగైపోయిందన్నావు."

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పక్కనే నేను, రెండో దొంగని.

"విప్పు" అంది అక్క.

"ఆయన వెళ్లాక..."

"ఆయన ఉండగానే."

కొట్టేటప్పుడు టకటకా దిగిన పిన్నులు తీసేటప్పుడు ఏడిపించాయి. స్పాంజి ఊడొచ్చాక చూస్తే పళ్లెమంత మచ్చ మనిషంత అయింది, నల్లగా బూజు పట్టింది. సున్నం పెచ్చులు మంచం మీద రాలాయి. వాల్యూయర్ మంచివాడే. చెమ్మ ఉంటే ధర తగ్గిస్తాను, దాచిన ఇంటికైతే ధరే కట్టను, బాగు చేయించి పిలవండి అని వీపు ఆరబెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అక్క ఆ రోజు నుంచి బావతో మాట్లాడటం మానేసింది. ప్లంబర్ వచ్చి గోడ పగలగొట్టి పైపు మార్చినా, వాల్యూయర్ రెండోసారి వచ్చి ధర కొంచెం తగ్గించి సరిపెట్టినా, నోరు విప్పలేదు. నాతో మాత్రం అంది.

"గోడ పాడైందని కాదే. దాన్ని చూసి నేను మురిసిపోయాను చూడు, అది తల్చుకుంటే సిగ్గేస్తోంది."

నాకు బావ మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

బ్యాంకుకు నన్నూ తీసుకెళ్లారు. మాట్లాడుకోని మొగుడూ పెళ్లాల మధ్య కుర్చీలో కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా. ఐపీ ఎందుకు పెట్టాల్సొచ్చిందో చెప్పమంది ఆఫీసరమ్మ. బావ అప్పులూ వడ్డీలూ చెప్పాడు. ఆవిడ చాలంది. ఆయన ఆగలేదు.

"తాళం వేసిన రోజు నేను ఊళ్లో లేనని అందరికీ చెప్పానండీ. ఈవిడకి కూడా. ఎదురుగా టీకొట్లోనే కూర్చున్నాను. పనివాళ్లు ఒక్కొక్కళ్లూ వచ్చి తాళం పట్టుకుని చూసి వెళ్లారు. లేచి వెళ్లి చెప్పడానికి కాళ్లు రాలేదు."

అక్క ఆయన వైపు చూసింది. ఆఫీసరమ్మ అక్క వైపు చూసింది.

"ఇద్దరి పేరునా అప్పంటే తెలుసుగా అమ్మా. ఆయన కట్టకపోతే మొత్తం మీరే కట్టాలి. సరేనా?"

"కట్టకపోతే నేను కడతానండీ" అంది అక్క. "చెప్పకపోతేనే నా వల్ల కాదు."

ఆఫీసరమ్మ కాగితాలు ముందుకు జరిపింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. బావ పెన్ను తీసుకుని, మళ్లీ కింద పెట్టేశాడు.

"ఇంకోటుందండీ. వంటింట్లో సింకు కింద కూడా చెమ్మ ఉంది. వాల్యూయర్ గారు అలమర తెరవలేదు. నేనూ తెరవమనలేదు."

బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కాను. లాభం లేదు, మాట అప్పటికే నోరు దాటేసింది. అయితే మళ్లీ చూడాల్సిందే, ఈ నెలకి కాదు అని ఆఫీసరమ్మ కాగితాలు వెనక్కి లాక్కుంది. అక్కేమో నవ్వుతోంది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుంది.

"సింకు కిందేనా, ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగింది బావని.

"అంతే. ఒట్టు."

అప్పు మరుసటి నెలలో వచ్చింది. ఈలోగా పెరిగిన వడ్డీతో ఒక వాయిదా పాత కంపెనీకే కట్టాల్సొచ్చింది. జీతంలో మిగిలింది నిజంగా బస్సు చార్జీలే. పిసినారి మా అక్క, అర్ధరూపాయి దగ్గర కూరగాయలవాడితో యుద్ధం చేసే మా అక్క, ఆ డబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు.