తెచ్చినవాళ్లే ముందు నమలాలి

ఈ ఉదయం నుంచీ నాలుక మీద జామాకు వగరు పోలేదు. టీ తాగినా పోలేదు, పక్క కౌంటరు ఆవిడ ఇచ్చిన సోంపు నమిలినా పోలేదు. ప్రొద్దుటూరులో నగల అంగట్లో పనిచేసే నేను రోజూ ఇంత జామకొమ్మ కొరికి పనికి వస్తానంటే ఎవరూ నమ్మరు. పుల్లతో పళ్లు తోముకునే అలవాటేమో అనుకుంటారు. అది కాదు. మా ఇంట్లో రెండు కుందేళ్లున్నాయి. వాటికి ఏ ఆకు వేసినా, ఏ కొమ్మ పెట్టినా, అది ముందు మనిషి నోట్లో పడాలి. ఈ చట్టం నేను పెట్టింది కాదు. నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు నాగమ్మ పెద్దమ్మ పెట్టింది. ఆమె పోయింది కానీ చట్టం మిగిలింది.

అనుమానం ముందు పుట్టి, పెద్దమ్మ తర్వాత పుట్టింది. మిద్దె మీది గది అడగడానికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు మంచినీళ్లు ఇవ్వకముందే విచారణ మొదలుపెట్టింది. "మొగుడు యాడుండాడు?" అంది. కువైట్‌లో డ్రైవరని చెప్పాను. "నిజంగానేనా? అయితే ఫోన్ జెయ్, నేను మాట్లాడతా." చేశాను. ఆమె ఫోన్ తీసుకుని, మా పెళ్లి ఎక్కడ జరిగిందో, పప్పులో నేను ఉప్పెంత వేస్తానో అన్నీ ఆయన్ని అడిగింది. అడిగినవన్నీ మళ్లీ నన్నూ అడిగింది. జవాబులు కలిశాకే తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం మా ఆయన ఫోన్‌లో పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈమె కింద ఎన్నాళ్లు బతకాలిరా దేవుడా అనుకున్నాను.

కుందేళ్లు ఆ తర్వాత వచ్చాయి. మా అంగట్లో పనిచేసే ఒకమ్మాయి పెళ్లి చేసుకుని వేంపల్లె వెళ్లిపోతూ వాటిని నాకు అంటగట్టింది. కుందేలంటే క్యారెట్టే కదా అని నేను పొద్దునా సాయంత్రం క్యారెట్లే పెట్టాను. ముద్దొచ్చినప్పుడు బిస్కెట్టు కూడా పెట్టాను. కొన్నాళ్లకు తెల్లది తిండి మానేసి నోటి వెంట చొంగ కార్చడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు దాని నోరు తెరిచి చూపించాడు. కుందేలు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి, కొమ్మలు కొరికితేనే అవి అరుగుతాయట. పళ్లు సరిచేసి పంపిస్తూ, "క్యారెట్టు ఎప్పుడన్నా ఒక ముక్క చాలమ్మా. వాటికి కావాల్సింది గడ్డి" అన్నాడు. నేను అక్కడి నుంచి నేరుగా కాలవ గట్టుకు పోయి, చేతికందిన పచ్చి కొమ్మలన్నీ విరిచి చంకన పెట్టుకుని వచ్చాను. మెట్ల దగ్గర పెద్దమ్మ అడ్డంగా నిలబడింది.

"యాడివి ఇవి?"

"కాలవ గట్టువి పెద్దమ్మా. కుందేళ్లకు."

"ఏ చెట్టు?"

"తెలీదు."

"తెలీందాన్ని నువ్వు తింటావా? తిను, సూస్తా."

ఆమె ఆ కొమ్మలన్నీ నా చేతుల్లోంచి లాక్కుని వీధి కుప్పలో పారేసింది. అందులో విషపు గన్నేరు కొమ్మ ఉందని నేను కిందికి వంగి చూసినప్పుడు గానీ తెలియలేదు. అప్పటి నుంచి, పేరు చెప్పలేని ఆకు మా గడప దాటలేదు. పేరు తెలిసింది కూడా కడిగాక, తెచ్చినవాళ్లు ఆమె కళ్ల ముందు నమిలితేనే లోపలికి వచ్చేది. గరిక, మునగాకు, జామ, మల్బరీ, అన్నీ నా నోట్లో పడ్డాయి. కూరగాయల బండి మస్తాన్ మామ ముల్లంగి ఆకులు ఉత్తినే ఇస్తూ, అడక్కముందే ఒకటి నోట్లో వేసుకుని "అయిందా అవ్వా?" అనేవాడు. మా అంగట్లో బంగారం ఎవరు తెచ్చినా గీటురాయి మీద గీస్తాం, అందులో ఎవరికీ కోపం రాదు. కానీ ఆకులు తెచ్చిన మనిషిని మేకలా నమలమంటే ఎవరికి రాదు? ఒకరోజు ఉండబట్టలేక అనేశాను, మనిషికి పడింది కుందేలుకు పడాలనేముందని.

"కుందేలు ఏం తింటాదో నాకు తెల్దు పాపా. డాకటరుకు తెల్సు," అంది పెద్దమ్మ. "మనిషి ఏం పెడతాడో నాకు తెల్సు."

ఆ మాటలో విషం లాంటిదేదో ఉందనిపించింది నాకు. మనుషులను అవమానించడానికి ఈమెకు కుందేళ్లు ఒక వంక దొరికాయేమో అని కూడా అనుకున్నాను.

మా పుట్టిల్లు పులివెందుల. మాకు చీనీ తోట ఉంది, బత్తాయిని మా వైపు చీనీ అంటాం. అక్క కుందేళ్లకు కొమ్మలు కావాలంటోందని విని, మా తమ్ముడు ఒక ఆదివారం తోటలో కత్తిరించిన లేత చీనీ కొమ్మలను గోతంలో కుక్కి బస్సులో మోసుకొచ్చాడు. పెద్దమ్మ వాడిని కూడా వదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడు నవ్వుతూ, "దానికేంలే అవ్వా, మా తోటదే గదా" అని ఒక కొమ్మ తీశాడు. ఆకు పెదవుల దాకా పోయింది. అక్కడే ఆగిపోయింది. వాడి మొహంలో నవ్వు కూడా ఆగిపోయింది.

"అక్కా, మొన్ననే మందు కొట్టినాం," అన్నాడు మెల్లగా. "గుర్తే రాల్యా."

ప్రొద్దుటూరు దాకా మోసుకొచ్చేటప్పుడు గుర్తు రానిది, తన నోటి దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చింది. వాడికి నా మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. కుందేళ్లను చంపాలని వాడు తెస్తాడా? అయినా ఆ కొమ్మలు లోపలికి పోయి ఉంటే ఆ రెండు ప్రాణాలూ పోయేవి. గోతం బయట పడేశాక తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ వాడికి అన్నం పెట్టింది, ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అప్పుడు మొదటిసారి ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

వాడు బస్సెక్కాక ఆమె తన కథ చెప్పింది. ఆమెది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. పిల్లలు లేరు. భర్త పోయాక చేనుకు, రెండు పాడి ఎనుములకు ఆమే దిక్కు. మరిది ఓబులేసుతో చేని గెట్టు దగ్గర మాటామాటా పెరిగి ఉంది. ఆ ఏడు వాన ఆలస్యమై గడ్డికి కటకటగా ఉన్న రోజుల్లో, మరిది తన జీతగాడితో ఒక పచ్చిమేత మోపు పంపించాడు. ఆమె ఇంట్లో లేదు. జీతగాడే ఎనుముల ముందు వేసి పోయాడు. ఆ మోపులో ఉన్నవి కోసిన జొన్న కొయ్యకాళ్లకు తొలి చినుకులకు పుట్టిన లేత పిలకలు. పశువుకు అవి విషమని ఆ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దు గుంకేలోగా రెండు ఎనుములూ కాళ్లు తన్నుకుని చనిపోయాయి.

"తెల్సి పంపినాడా, తెలీక పంపినాడా? జీతగాడు యాడ కోసినాడో ఆయప్ప సూసినాడా, సూడలేదా? అదే పాపా నాకు తెలాల్సింది," అంది.

"అడగల్యా పెద్దమ్మా?"

"ఏమని అడిగేది? లేదంటాడు. లేదంటే నేను నమ్ముతానా?"

అందుకే అడగలేదు. తన భాగం అమ్ముకుని ప్రొద్దుటూరు వచ్చి ఈ ఇల్లు కొనుక్కుంది. మళ్లీ ఆ పల్లె ముఖం చూడలేదు. ఇదంతా ఆమె గోడను చూస్తూ చెప్పింది. నేను వంటింట్లోకి పోయి తమ్ముడు తిన్న కంచం కడిగాను.

ఆ ఓబులేసే ఒక మధ్యాహ్నం మా వీధిలోకి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, ఒక చేతిలో కూతురి పెళ్లి కార్డు, ఇంకో చేతిలో అరటి నారతో కట్టిన జామకొమ్మల మోపు. తన పల్లెలో ఆయన నడిచొస్తే అరుగుల మీది వాళ్లు లేచి నిలబడతారని తర్వాత విన్నాను. మా గడప ముందు మాత్రం ఆయనే నిలబడ్డాడు.

"బాగుండావా వదినా?"

పెద్దమ్మ మొహం చూడలేదు, మోపును చూసింది. "ఏంది అది?"

"జామకొమ్మలు. నీ కాడ కుందేళ్లు ఉండాయని ఇన్యా. వట్టి సేతుల్తో ఎట్ల రావాలని..."

"ఎవురు కోసినారు?"

"నేనే."

"జీతగాడు కాదా?"

ఆయన మొహం పాలిపోయింది. "కాదు వదినా. నేనే కోసినా."

"అయితే నమలు."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఇక గొడవే అనుకున్నాను. ఆయన కార్డు గడప మీద పెట్టి, మెట్టు మీద కూర్చుని, మోపులోంచి ఒక కొమ్మ లాగాడు. ముందు ఆకులు నమిలాడు. తర్వాత కొమ్మ బెరడు పళ్లతో గీరి అదీ నమిలాడు. తొందరపడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి వగరుకో మరి దేనికో నాకు తెలియదు.

"ఆ పొద్దు నన్ను పిల్చి అడిగింటే, ఆ మోపు గూడా నీ ముందరే నమిలేటోన్ని గదా వదినా," అన్నాడు. "ఊర్లో అందర్నీ అడిగినావు. నన్ను అడగల్యా."

పెద్దమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన ఎత్తి గటగటా తాగేశాడు. ఆమె ఇచ్చింది ఏంటని ఆయన ఒక్క మాట కూడా అడగలేదు.

ఆయన వెళ్లాక మోపు మెట్టు మీదే ఉండిపోయింది. పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. "నమిలినాడు సరే. మింగినాడా? నువ్వు సూసినావా?"

"మింగినాడు పెద్దమ్మా. నేను సూసినా."

"నువ్వు ఆయప్ప పక్క మాట్లాడతాండావు."

నవ్వాలో ఏడవాలో తెలియక మిద్దె మీదికి వెళ్లిపోయాను. దీపాలు పెట్టే వేళకు మళ్లీ దిగి వస్తూ మెట్ల మలుపులో ఆగిపోయాను. చెంబు పెదవికి తగలకుండా నీళ్లు తాగే మనిషి, ఎంగిలంటే ఆమడ దూరం జరిగే మనిషి, మరిది కొరికి వదిలేసిన ఆ కొమ్మనే చేతిలో పట్టుకుని ఉంది. అటు ఇటు చూసింది. ఆయన పళ్ల గాటు పక్కనే తనూ కొరికి నమిలింది. చాలాసేపు నమిలింది. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుని, "ఏం సూస్తాండావు? ఎత్కపో, కుందేళ్లకు ఎయ్యి" అని కసిరింది.

పెళ్లికి ఆమెను నేనే జమ్మలమడుగు బస్సెక్కించి తీసుకెళ్లాను. విస్తరి ముందు కూర్చుని అలవాటు చొప్పున వడ్డించేవాళ్ల చేతుల వంక అనుమానంగా చూసింది. ఓబులేసు చిన్నాయన పెళ్లి పనులు వదిలేసి వచ్చి ఆమె పక్కన కూర్చుని, ముందు తను ఒక ముద్ద పెట్టుకున్నాడు. అప్పుడామె తింది.

పోయిన ఏడాది పెద్దమ్మ ముసలితనంతో కన్నుమూసింది. ఇల్లు ఆమె చెల్లెలి కొడుక్కి రాసిపెట్టింది. ఆ రోజు మరిది కొమ్మ నమిలింది ఇంటి మీద ఆశతోనే అన్నవాళ్ల నోళ్లు దాంతో మూతపడ్డాయి. నిజం చెప్పాలంటే నాకూ ఒక మూల ఆ అనుమానం ఉండేది. ఎన్నాళ్లు ఆమె కింద బతికానో కదా, అబ్బకుండా ఎక్కడికి పోతుంది?

చిన్నాయన ఇప్పటికీ వీలైనప్పుడల్లా ప్రొద్దుటూరు వచ్చే మనుషులతో జామకొమ్మలు పంపిస్తాడు. మోపు పైన కట్టిన కొమ్మకు ఎప్పుడూ పళ్ల గాట్లు ఉంటాయి. నమలమని ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, అయినా నమిలే పంపిస్తాడు. ఆయనకు ముందు పళ్లు రెండు ఊడిపోయాయి, గాటు మధ్యలో ఖాళీ ఉంటుంది. ఈ ఉదయం వచ్చిన మోపు విప్పి చూశాను. గాట్లున్నాయి, కానీ మధ్యలో ఖాళీ లేదు. చిన్న చిన్న పళ్లు, వరసగా ఉన్నాయి. ఇవి ఆయన పళ్లు కావు. వెంటనే ఫోన్ చేశాను.

"చిన్నాయనా, ఈ పొద్దు కొమ్మ ఎవురు నమిలినారు?"

పెద్దాయనకు కోపం వస్తుందేమో అనుకున్నాను.

"మీ చిన్నమ్మ నమిలింది పాపా. నాకు పన్ను శానా నొప్పిగా ఉండాది," అన్నాడు. నేను సరేనని పెట్టబోతుంటే మళ్లీ అన్నాడు. "నువ్వన్నా అడిగినావు."

ఫోన్ పెట్టేశాను. గూట్లో కుందేళ్లు రెండూ చువ్వలకు మూతులు ఆనించి ఎదురుచూస్తున్నాయి. చిన్నమ్మ పళ్ల గాటు పక్కనే నేనూ కొరికాను. మింగాను కూడా. పెద్దమ్మ ఉంటే అడిగేది.