అగ్మాటిన్, అక్క పాదాలు

నేను బందరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. నా పని అంతా వరి నారు మీద. వేళ్లకు ఉప్పు నీరు తగిలినప్పుడు మొక్క లోపల ఏం జరుగుతుందో చూడటం. అందుకు కావలసిన నారు కోసం నాగాయలంక దగ్గర మా అక్కావాళ్ల పొలానికి వెళ్లేదాన్ని. వాళ్లది కాలువ చివర ఉన్న శివారు భూమి. కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలిన ఏడాది నేలలోంచి ఉప్పు పైకి తేలి, నారుమడిలో ఆకుల కొనలు మాడిపోతాయి. ఆ మాడిన మొక్కలే నాకు కావాలి.

“అందరూ పచ్చగా ఉన్న నారు అడుగుతారు, నువ్వేంటమ్మా చచ్చేవాటిని ఏరుకుంటావు” అనేవారు బావగారు. నవ్వుతూనే అనేవారు గానీ ఆయనకు మనసులో నొప్పిగానే ఉండేది.

అక్కకు చాలా ఏళ్లుగా షుగరు. అప్పటికి రెండేళ్లుగా అరికాళ్ల మంటలు పట్టుకున్నాయి. అన్నం వండుతూ వండుతూ వెళ్లి బాత్రూములో కాళ్ల మీద చెంబుడు నీళ్లు గుమ్మరించుకునేది. డాక్టరు నరాలకు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పగలంతా మత్తుగా ఉంటోందని విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. “ఇంతకీ ఆ నారులో ఏం వెతుకుతున్నావే?”

ఇంట్లోవాళ్లు నా పని గురించి అడగడం అదే మొదలు. నాకు హుషారొచ్చేసింది. ఉప్పు తగిలిన మొక్క తన దగ్గరున్న ఒక అమైనో ఆమ్లాన్ని కొంచెం మార్చి అగ్మాటిన్ అనే పదార్థం తయారుచేసుకుంటుందనీ, దాంట్లోంచి ఇంకొన్ని పదార్థాలు చేసుకుని కణాలు పాడవకుండా కాచుకోవాలని చూస్తుందనీ చెప్పాను.

“అది మొక్కల్లోనేనా?”

“కాదక్కా. మన ఒంట్లోనూ కాస్త ఉంటుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు చేస్తాయి, తినే తిండిలోంచి కొంత వస్తుంది. మొట్టమొదట దాన్ని పట్టుకున్నదే చేపల్లోనట. మెదడులోనూ ఉంటుంది. నరాలు నొప్పి కబురు మోసుకెళ్లే చోట అడ్డం పడుతుందని ఎలుకల మీద చూశారు. ఈమధ్య పొడి చేసి అమ్ముతున్నారు కూడా.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అక్క మజ్జిగ పోసి, ఊరగాయ ముక్క వేసింది.

నెలన్నర తర్వాత మళ్లీ వెళ్లాను. నారు పట్టుకెళ్లే ఐసు పెట్టె అరుగు మీద పెట్టి లోపల కూర్చున్నాను. అక్క పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాకు మంచినీళ్లు తెచ్చింది. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. “నా కాళ్ల మంటలు పోయాయే! మూడు వారాలైంది. నీ పుణ్యమే” అంది.

“నా పుణ్యమేంటి?”

వంటింట్లోంచి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించింది. మీద పెద్దక్షరాలతో అగ్మాటిన్ అని ఉంది. జిమ్ములకు వెళ్లేవాళ్లు కొనుక్కునే రకం. ఫోనులో తనే వెతికి తెప్పించుకుందట. రోజుకు రెండు చెంచాలు. నరాల మాత్రలు మానేసిందట. షుగరు మాత్ర, బీపీ మాత్ర మాత్రం వేసుకుంటోంది.

ఈ పదార్థానికి రక్తపోటు తగ్గించే గుణం కూడా ఉందని చదివాను. అక్క వేసుకునే మాత్రలతో కలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఆ మాటే చెప్పబోతూ తల దించి గచ్చు చూశాను. వంటింటి నుంచి నా కుర్చీ దాకా, అడుగు విడిచి అడుగు, ఎర్రటి తడి మచ్చలు. మా దివిసీమ మట్టి నల్లగా ఉంటుంది.

“అక్కా, కూర్చో. ఎడమ కాలు చూపించు.”

చిటికెన వేలి కింద నత్తగుల్ల ముక్క దిగి ఉంది. చుట్టూ చర్మం తెల్లగా నాని, వేలి కొన నల్లబడింది. గుల్ల దిగింది ఆ రోజు కాదని చూస్తేనే తెలుస్తోంది.

“నొప్పి లేదా?”

“ఏం లేదే” అంది. నా మొహం చూశాక ఆవిడ మొహంలో రంగు పోయింది.

ఫోను చేస్తే బావగారు పొలం నుంచి పరుగున వచ్చారు. షుగరు పుండ్లు బాగా చూస్తారని పేరున్న డాక్టరమ్మ గుడివాడలో ఉన్నారు. ఊళ్లో ఒకాయన కారు మాట్లాడుకుని బయల్దేరాం. చల్లపల్లి దాటాం, పామర్రు దాటాం. అక్క పాదం నా ఒళ్లో ఉంది. దారంతా ఒకటే లెక్క వేసుకుంటున్నాను. మంట పోయింది పొడి వల్లనా? లేక నరం చచ్చిపోయినందుకా? మొదటిదైతే, కాలు పాడవుతోందని చెప్పే ఒక్క సాక్షి నోరూ నేనే నొక్కించాను. రెండోదైతే, నా మాట నమ్మి అక్క ఆ చావునే నయమనుకుంది.

డాక్టరమ్మ గుల్ల తీసి, సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడా అక్కడా పొడుస్తూ, “తెలుస్తోందా అమ్మా?” అని అడిగారు. అక్క కళ్లు మూసుకుని ఉంది. మడమ దగ్గర పొడిచినప్పుడు మాట్లాడలేదు. వేళ్ల దగ్గరా మాట్లాడలేదు. పాదం మధ్యలో ఒక్కచోట మాత్రం “ఆఁ” అంది. బీపీ చూశారు. ఎప్పుడూ ఉండేదానికంటే బాగా తక్కువగా ఉంది.

నేను డబ్బా బల్ల మీద పెట్టాను. “నేనే చెప్పానండీ.”

“మీరు డాక్టరా?”

“కాదండీ. బాటనీ లెక్చరర్ని.”

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “మంట తగ్గడం పొడి వల్ల అయ్యుండొచ్చు. గుల్ల గుచ్చుకున్నా తెలియలేదంటే మాత్రం నరం ముందు నుంచే మొద్దుబారుతోందన్నమాట. ఏది ఎంతో ఇప్పుడు చెప్పలేను. ముందు ఇది ఆపండి. వేలు ఎంతవరకు పోతుందో నాలుగు రోజుల్లో తెలుస్తుంది” అన్నారు.

అక్క గుడివాడ ఆసుపత్రిలో ఉన్న ఆ నాలుగు రోజులూ బందరులో నా పని నేను చేసుకోవాలని చూశాను. ల్యాబు తొట్టెల్లోని నారు ఆకులు తుంచి నూరి, వడగట్టి, యంత్రంలో పెట్టాను. అది గీసిన గ్రాఫులో, ఉప్పు తగిలిన మొక్కల్లో అగ్మాటిన్ గీత బాగా పైకి లేచింది. అంతకుముందు ఆ గీత లేచిన ప్రతిసారీ మొక్క గెలిచిందనే అనుకునేదాన్ని. ఆ రోజు గీతలు పక్కన పెట్టి ఆ మొక్కలను చూశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని అప్పటికే వాలిపోయాయి. గీత రెండింటిలోనూ లేచింది. అది చెప్పేది మొక్క కష్టంలో ఉందని. గట్టెక్కుతుందని కాదు. ఇన్నాళ్లూ గెలుపని నేను చూపించుకుంటూ తిరిగింది దీన్నే.

చిటికెన వేలు సగం తీసేశారు. మిగతా పాదం దక్కింది.

పొడి ఆపిన పన్నెండో రోజు కాలేజీలో మెట్లు దిగుతుంటే అక్క ఫోను. గొంతు చిన్నగా ఉంది. “ఏమే, మంట మళ్లీ మొదలైందే. కుడి కాలికి బాగా, ఎడమదానికి మధ్యలో కొంచెం.”

నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “బాగా మండుతోందా అక్కా?”

“నా కాళ్లు మండుతుంటే నీకు సంబరమేంటే?” అని అరిచింది. ఫోను పెట్టేసింది.

డాక్టరమ్మకు చెబితే, పాదంలో కొన్ని నరాలింకా బతికే ఉన్నాయనుకోవచ్చన్నారు. మడమల్లో స్పర్శ మాత్రం పోయినట్టే. నరాల మాత్రలే మోతాదు మార్చి మళ్లీ మొదలుపెట్టారు, మత్తు తగ్గేలా. పుండు మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆ పొడి నిజంగా మంట తగ్గించిందా లేదా అన్నది నాకీనాటికీ తెలియదు.

అక్క ఇప్పుడు బూట్లు వేసుకుని గట్ల మీద తిరుగుతుంది. పొద్దున్నే కాఫీ తాగాక బావగారు ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుని, వేళ్ల సందులు విడదీసి మరీ చూస్తారు. మొన్న నేను వెళ్లినప్పుడూ చూస్తున్నారు.

“సంతలో గేదె గిట్టలు చూసినట్టు ఏంటండీ రోజూ, చెల్లెలి ముందు” అంది అక్క కాలు లాక్కోబోతూ.

“కదలకు” అన్నారు ఆయన. “ఇంకా మడమ చూళ్లేదు.”