అమలాపురంలో ఆరో అరిటాకు

మాది నరసరావుపేటలో చిన్న కిరాణా కొట్టు. పండక్కి కూడా ఒక షట్టర్ సగం తెరిచి ఉంచే రకం మేము. అలాంటిది ఈసారి మూడు రోజులు పూర్తిగా మూసేసి కోనసీమ వెళ్ళొచ్చామంటే, దానికి కారణం మా ఆవిడ పద్మ ముక్కు. నవ్వకండి. కిందటి వానాకాలంలో తనకి జ్వరం వచ్చి తగ్గింది గానీ, వాసన తెలియడం పోయింది. వాసన పోతే రుచి కూడా పోతుందని మాకప్పటిదాకా తెలియదు. ఉప్పు ఉప్పగా ఉంటుంది, మిరపకాయ నాలుక మండిస్తుంది, అంతే. మిగతాదంతా ఒకటే ముద్ద. డాక్టరు గారు మెల్లగా రావచ్చన్నారు, రాకపోవచ్చని కూడా అన్నారు. మా వీధిలో పెళ్ళి వంటకి ఉప్పు చూడమని పిలిచేది పద్మనే. ఆ మనిషి ఇప్పుడు కూర దించి నా వైపు చూస్తుంది, సరిపోయిందా అని. తను మాత్రం మజ్జిగన్నం రెండు ముద్దలు తిని లేచిపోతుంది. ఐదు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి. ఎక్కడికైనా వెళ్ళి, ఎప్పుడూ తినని తిండి పెట్టిస్తే ఆకలన్నా పుడుతుందేమోనని నా ఆశ. అందుకే ఇది గుళ్ళూ గోపురాలూ చూసొచ్చిన కథ కాదు. పొద్దున్నించి రాత్రి దాకా తిండి వెంట తిరిగిన కథ.

దారి సులువే. విజయవాడ నుంచి రాజమండ్రి వైపు వెళ్ళే బస్సెక్కి రావులపాలెంలో దిగండి, మూడున్నర నాలుగు గంటలు పడుతుంది. అక్కడినుంచి కొత్తపేట మీదుగా అమలాపురానికి పల్లె బస్సులు వస్తూనే ఉంటాయి, ఓ గంట ప్రయాణం. కిటికీ పక్కన కూర్చోండి, నేను చెప్పక్కర్లేదు ఎందుకో. మేము సాయంత్రానికి చేరి బస్టాండుకి దగ్గర్లోనే లాడ్జిలో దిగాం. మర్నాటికి శ్రీను అనే ఆటో అతన్ని రోజంతా మాట్లాడుకున్నాను. రెండు వేలు అడిగాడు. నేను వ్యాపారిని కదా, బేరం ఆడబోయాను. అతను నవ్వుతూ, "ఆయ్, మీ ఇష్టవండి. మరి అన్నీ తినాలన్నారు, తిన్నాక నడిచి రాగలరా అండీ?" అన్నాడు. రెండు వేలకే ఒప్పేసుకున్నాను.

పొద్దున్న ఏడింటికల్లా అంబాజీపేట తీసుకెళ్ళాడు, పొట్టిక్కలు తినడానికి. ఇడ్లీ పిండే, కాకపోతే నాలుగు పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ప్లేటు నలభై, యాభై దాకా ఉంటుంది. తొమ్మిది దాటితే దొరకవు, గుర్తుపెట్టుకోండి. ఆకు విప్పగానే ఆవిరితోపాటు పచ్చటి వాసన ఒకటి వస్తుంది. ఆ వాసనే దాని ప్రాణం. ఆ సంగతి నాకు ఆకు విప్పాకే తెలిసింది. పద్మ తన బుట్ట విప్పింది, అల్లం చట్నీలో ముంచి తింది. నేను తన మొహమే చూస్తూ, తెలుస్తోందా అని అడిగాను. మెత్తగా ఉందంది. రెండోది శ్రీనుకి ఇచ్చేసింది. కనీసం వాసన మీద ఆధారపడని దాంతో మొదలుపెట్టి ఉండాల్సిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కడినుంచి అమలాపురం మార్కెట్టు. కొనేదేమీ లేకపోయినా వెళ్ళండి. ఊరు ఏం తింటుందో హోటల్లో కన్నా మార్కెట్లోనే బాగా తెలుస్తుంది. కంద గడ్డలు, బచ్చలి మోపులు, ముదురూ లేతా వేరువేరు ధరలకి కొబ్బరికాయలు. మేం వెళ్ళింది ఎండాకాలం మొదలవుతుండగా, లేత పనసకాయలు దిగే రోజులు. ఒక మూల ఒకాయన చేతులకి నూనె రాసుకుని, మొద్దు మీద పనసకాయ పెట్టి కత్తితో టకటకా కొడుతున్నాడు. కాయ కాస్తా కళ్ళముందే సన్నటి పొట్టు అయిపోతోంది. దాన్నే ఇక్కడ పనసపొట్టు అంటారు, తూకానికి అమ్ముతారు. పద్మ అక్కడ ఆగింది. పొట్టు కొంచెం తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, ఇది లేతది, ఆ పక్క కుప్ప ముదిరింది అంది. కొట్టే ఆయన చేయి ఆపి తన వైపు చూసి, ఆ కుప్ప నిన్నటిదమ్మా అని ఒప్పుకున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ముక్కు లేకపోయినా వేళ్ళు ఉన్నాయి మనిషికి.

అది చూసి శ్రీను ఒక మాట చెప్పాడు. అమలాపురంలోనే ఒక వీధిలో కామేశ్వరి గారని, ఇంట్లోనే భోజనం పెడతారట. అందరూ పిన్నిగారంటారు. ఆవిడ భర్త లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారు. బోర్డూ మెనూ ఏమీ ఉండవు. పొద్దున్న పదింటిలోపు ఫోన్ చేసి ఎంతమందో చెబితే, రాత్రికి అంతమందికే వండుతారు. పనసపొట్టు ఆవ పెట్టి చేస్తే ఆవిడే చేయాలన్నాడు. ఆవ అంటే ఆవాలు నూరిన ముద్ద, అంతే. నేను అక్కడే మార్కెట్టు గోలలో ఫోన్ చేశాను.

"రాత్రికి ఇద్దరికి భోజనం కావాలండీ," అన్నాను.

"ఆయ్," అన్నారు ఆవిడ.

మా వైపు ఫోన్లో అవతలి మనిషి "ఆఁ?" అన్నారంటే వినపడలేదని అర్థం. సినిమాల్లోనూ, శ్రీను నోటా ఈ ఆయ్ విన్నవాణ్ణే, కానీ ఆ గోలలో అది నాకు తట్టలేదు. గొంతు పెంచి, ఇద్దరికి అన్నాను. మళ్ళీ ఆయ్. ఇంకాస్త పెంచి, ఇద్దరికండీ, పనసపొట్టు కూర ఉండాలి అన్నాను. "ఆయ్, ఆయ్, అలాగేనండీ. అందరికీ పనసపొట్టేనా అండీ?" అన్నారు. అవునన్నాను. ఇద్దర్ని పట్టుకుని అందరూ అంటున్నారేంటి అనుకున్నాను గానీ, మర్యాదస్తుల ఊరు కదా అని వదిలేశాను.

మధ్యాహ్నానికి పెద్ద భోజనం అనుకున్నాం. రాజోలు దాటి గోదావరి ఒడ్డున ఒక రిసార్టు. నగరం, తాటిపాక మీదుగా ఆటోలో గంటన్నర పట్టింది. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, అద్దంలోంచి నది, ఒక్కో గిన్నె పెడుతూ అదేంటో వివరించే కుర్రాడు. థాలీ మనిషికి ఎనిమిది వందలు. కొబ్బరన్నం, కంద బచ్చలి కూర, చివర్లో పూతరేకు. వంటలో వంక పెట్టడానికి లేదు. మీరు సెలవు మీద వెళ్తే తప్పకుండా వెళ్ళండి, పన్నెండున్నరకే వెళ్ళి నది వైపు బల్ల అడగండి. నేను మాత్రం ఆ నదిని సరిగ్గా చూడలేదు. గిన్నె గిన్నెకీ పద్మని అడుగుతూనే ఉన్నాను, ఇది తెలుస్తోందా, పోనీ ఇది? ప్రతిసారీ బాగుందంది. పూతరేకు నోట్లో పెట్టుకుని, కాగితం తిన్నట్టుందని అనలేక నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. కొట్లో సరుకు నచ్చనివాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళేటప్పుడు నవ్వే నవ్వది. చివరికి నెమ్మదిగా, "తెలిసిన రోజు నేనే చెబుతాను లెండి," అంది. తిరుగు దారంతా కళ్ళు మూసుకునే కూర్చుంది. రాత్రి భోజనం వద్దని చెప్పేయమంది. చెప్పేసేవాణ్ణే గానీ, వండాక వద్దంటే పిన్నిగారు బాధపడతారని శ్రీను అడ్డం పడ్డాడు.

ఏడు దాటాక వెళ్ళాం. హాల్లో చాపలు పరిచి, నీళ్ళ గ్లాసులు పెట్టి, కడిగిన అరిటాకులు వరసగా వేసి ఉన్నాయి. ఆరు. వేరే ఎవరో కూడా వస్తున్నారనుకుని ఒక పక్కగా కూర్చోబోయాను. కామేశ్వరి గారు వంటింట్లోంచి వచ్చి, మా వెనక గుమ్మం వైపు చూశారు.

"మిగతా నలుగురూ వెనకాల వస్తన్నారా అండీ?"

ఏ నలుగురు అన్నాను.

"ఇద్దరన్నారు. మళ్ళీ ఇద్దరన్నారు. ఆనక ఇంకో ఇద్దరన్నారు. నేను మూడుసార్లూ ఆయ్ అన్నాను కదండీ."

శ్రీను గుమ్మం పట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయ్ అంటే వినపడలేదని కాదు, అలాగే అని నాకు వివరించాడు. వాలుకుర్చీలోంచి మేష్టారు పేపరు దించి, "లెక్కల మేష్టారింట్లోనే లెక్క తప్పింది. నా పెన్షన్ ఆపేస్తారు," అన్నారు. నేను సిగ్గుపడి, ఆరుగురికీ డబ్బిస్తానన్నాను. కామేశ్వరి గారు ఆ మాట పక్కకి తోసేశారు. డబ్బు మాట కాదు, వండిన అన్నం మాట, పారబోయడం ఆ ఇంట్లో లేదన్నారు. చివరికి శ్రీనుని కూర్చోబెట్టాం. మేష్టార్ని లేపి కూర్చోబెట్టాం. వడ్డించే మనిషి కూర్చుంటే ఎలాగండీ అంటున్న ఆవిడ్ని పద్మే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. గిన్నెలన్నీ మధ్యలోకి వచ్చాయి. ఆరో ఆకు ఖాళీగా ఉండిపోయింది.

ముద్దపప్పు, నెయ్యి, మజ్జిగ పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. పద్మ కూర కలిపి మొదటి ముద్ద పెట్టుకుంది. నేను నా అలవాటు కొద్దీ మెడ తిప్పాను. అది చూసి తను కామేశ్వరి గారితో అంది: "ఈయన చూశారా పిన్నిగారూ, నేను తింటుంటే కాటా ముల్లు చూసినట్టు చూస్తారు. అటు ఊగిందా, ఇటు ఊగిందా అని. ముద్ద దిగుతుందా చెప్పండి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఎక్కడో గుచ్చుకుంది. మేష్టారు నా మీద జాలిపడ్డారో, నిజంగానే తెలుసుకోవాలనుకున్నారో, మీ వైపు కందిపప్పు హోల్‌సేల్ ఎలా ఉందండీ అని అడిగారు. వ్యాపారిని ధర అడిగితే ఇంకేమీ కనపడదు కదా. పాత పప్పు, కొత్త పప్పు, పాలిష్ పెట్టింది, పెట్టనిది అని చెప్పుకుంటూ పోయాను. ఆ మాటల్లో ఉండగా పక్కన గట్టిగా తుమ్ము వినపడింది. తిరిగి చూస్తే పద్మ కళ్ళలో నీళ్ళు, ఎడంచేత్తో ముక్కు పట్టుకుని ఉంది. కామేశ్వరి గారు కంగారుపడి, పొలమారిందా, ఆవ ఎక్కువైందా అని గ్లాసు అందించారు.

"ఎక్కువ కాలేదండీ. ముక్కులోకి వెళ్ళింది," అంది పద్మ. మళ్ళీ అదే మాట, తనలో తను అనుకున్నట్టు. "ముక్కులోకి వెళ్ళింది."

అడగబోయి ఆగాను. శ్రీను తన ముద్ద తను తింటున్నాడు. మేష్టారు మజ్జిగ పులుసు జుర్రుతున్నారు. ఆ గదిలో ఎవరికీ తను తింటోందా లేదా అన్న పట్టింపు లేదు. నేనూ నా ఆకులోకి చూసుకుని, పాలిష్ పప్పు దగ్గరికే వెళ్ళిపోయాను. చెవులు మాత్రం పద్మ వైపే. ఆవ ఎప్పుడు కలిపారని పద్మ అడుగుతోంది. "దించి, చల్లారేకండి. వేడి మీద పెడితే చేదెక్కిపోద్ది," అంటున్నారు ఆవిడ. నానబెట్టారా, ఎండు మిరపకాయ కూడా నూరారా, పసుపు ఉడికేటప్పుడే వేశారా అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. ఐదు నెలల తర్వాత వంట గురించి తను అడిగిన ప్రశ్నలు అవి.

ఈ వైపు ఒక ఆచారం ఉంది. రెండోసారి వడ్డించడాన్ని మారు అంటారు. చాలంటే మొహమాటం అనుకుని మళ్ళీ అడుగుతారు, అప్పుడూ చాలంటే ఇంకోసారి అడుగుతారు. మారు వేసుకోమని కామేశ్వరి గారు గరిట ఎత్తారు. పద్మ చాలనలేదు. గిన్నె అడుగు చూసి, చాప మీద ఖాళీగా ఉన్న ఆరో ఆకు చూసి, "ఆ రానివాళ్ళ వంతు కూడా ఇటే వేసేయండి," అంది.

ఇంతకీ వాసన వచ్చేసిందా అని అడుగుతారు మీరు. రాలేదు. మర్నాడు రావులపాలెంలో బస్సు కోసం నిలబడి కాఫీ తాగితే, వేడిగా ఉందంది, అంతే. పనసపొట్టు కూర రుచి కూడా తనకి తెలియలేదు, ఆ ఘాటు తెలిసింది. మిరపకాయ నాలుక మీదే ఆగిపోతుంది. నూరిన ఆవ పైకి వెళ్ళి, మూసేసిన గది తలుపు కొట్టినట్టు కొడుతుందట. "లోపల ఎవరో ఉన్నారని అప్పుడు తెలిసింది నాకు," అంది. మా కొట్లో ఆవాలు బస్తాలకి బస్తాలు అమ్మాను, అన్నీ తాలింపులో చిటపటలాడ్డానికే అనుకుని. ఇప్పుడు వారానికి మూడుసార్లు మా ఇంట్లో ఆవ నూరే చప్పుడు. పనసపొట్టు లేకపోతే అరటికాయ, అదీ లేకపోతే పెరుగు పచ్చడి. తను తింటున్నప్పుడు నేను పప్పు ధరల గురించి మాట్లాడతాను. ఊరికే మాట్లాడతాను, అటు చూడను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. కోనసీమలో ఇళ్ళ భోజనానికి పొద్దున్నే ఫోన్ చేయండి, ఎంతమందో ఒక్కసారే చెప్పండి. అవతల ఆయ్ అన్నారంటే మీ మాట అందింది, పెట్టేయండి ఫోను. మీతో వచ్చినవాళ్ళలో ఎవరైనా కొన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదా, అప్పుడు మాత్రం ఎంతమందో ఇంకోసారి చెప్పండి.