నూట తొంభై అడుగుల గొడుగు

మేడ మీద హాల్లో ఫ్యాను ఆపి పారాచూట్ పరిచాను. నైలాన్ గుడ్డ వాసన గదంతా నిండింది. మోకాళ్ళతో అదిమి గాలి పిండుతుంటే అరచేతుల కింద బుస్సుమంటోంది. మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "హాలు చాలట్లేదే నీ గొడుక్కి" అన్నారు. నిజమే, పాతది సోఫాకీ టీవీకీ మధ్య సరిపోయేది. ఇది వంటింటి గడప దాకా వెళ్ళింది. నాకు యాభై ఆరేళ్ళు. తాడేపల్లిగూడెంలో రంగులూ ఇనప సామానూ అమ్మే కొట్టు మాది. ఏడాదికి రెండుసార్లు ఉత్తరాదికి వెళ్ళి విమానంలోంచి దూకి వస్తాను. ఈ సంగతి విని కొత్తవాళ్ళు నవ్వుతారు, మా చుట్టాలు నిట్టూరుస్తారు. నన్నిలా తయారు చేసినవారు జీవరత్నం మాస్టారు.

మాస్టారిది కైకలూరు. మిలిటరీలో పారాచూట్ దూకడం నేర్పి, రిటైరై సొంతూరొచ్చారు. కాలేజీలో క్యాడెట్లుగా ఉన్న మమ్మల్ని వారానికోసారి గూడెం పాత రన్‌వే మీదికి తీసుకెళ్ళి, బల్లమీంచి దూకించేవారు. "కాళ్ళు కలపండమ్మా, కాళ్ళు విడివిడిగా దిగితే ఇంటికీ విడివిడిగానే వెళ్తాయి" అనేవారు. నా మొదటి క్యాంపుకి తీసుకెళ్ళిందీ ఆయనే. అప్పటికే ఆయనకి యాభై దాటాయి. కుర్రాళ్ళందరూ చిన్న పారాచూట్లతో రివ్వున దిగుతుంటే ఆయన మాత్రం ఇంత పెద్దది కట్టుకుని, తాపీగా ఊగుతూ వచ్చేవారు. "మాస్టారు పెళ్ళిపందిరి వేసుకుని దిగుతున్నారర్రా!" అన్నాను నేను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయనకి వినబడింది. "భోజనాలు కూడా ఉన్నాయమ్మా, చేతులు కడుక్కుని రండి" అని ఆయనా నవ్వారు. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

పారాచూట్ ఎంత చిన్నదైతే అంత వేగం. గడ్డి మీదుగా దూసుకొచ్చి దిగుతుంటే చూసేవాళ్ళు ఫోన్లు బయటికి తీస్తారు. ఆ ముచ్చట నాకు బాగా ఉండేది. అనుభవం పెరిగేకొద్దీ చిన్నది కొంటూ నూట ముప్పై అయిదు చదరపు అడుగుల దగ్గర ఆగాను. యాభై మూడో ఏట ఒక ఉదయం ఆ వేగంతోనే నేలకి తగిలి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు పిండికట్టుతో కొట్లో స్టూలు మీద కూర్చుని, అడిగినవాళ్ళందరికీ బాత్రూములో జారానని చెప్పాను. కాలు నొప్పి ఎలాగో ఓర్చుకున్నాను గానీ, క్యాంపులో వాళ్ళు "ఇక పెద్దది తీసుకోండి మేడమ్" అన్న మాట ఓర్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళు దూకి, మళ్ళీ నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు వాడే సైజు కట్టుకోవాలా? అంతకంటే మానేయడమే నయం అనుకున్నాను. కట్టు విప్పగానే పారాచూట్ బ్యాగూ హెల్మెట్టూ కార్లో పడేసుకుని, గణపవరం మీదుగా కైకలూరు వెళ్ళాను.

అప్పటికి మాస్టారికి ఎనభై దాటాయి. ఐసు ఫ్యాక్టరీ పక్క ఇంట్లో, అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

"ఇది ఎవరైనా నేర్చుకునే పిల్లకిచ్చేయండి మాస్టారూ. నేను మానేస్తున్నాను."

ఆయన బ్యాగు వైపు చూడలేదు. "నీ బరువెంత?" అన్నారు.

"అరవయ్యండి."

"ఎప్పటి మాట?"

ఆయన కర్ర పుచ్చుకుని లేచి, బ్యాగు నా వీపుకి తగిలించి, హెల్మెట్‌తో సహా వీధి చివర చేపల కాటా దగ్గరికి నడిపించారు. ట్రేలు మోసేవాళ్ళూ, బేరగాళ్ళూ అందరూ పని ఆపి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కాటా అబ్బాయి తూచి, "బ్యాగూ హెల్మెట్టూ దించండమ్మగారూ" అని అవి వేరే తూచి, అలవాటు కొద్దీ చేపల ట్రే బరువు తీసేసినట్టు తీసేసి, సెంటరంతా వినబడేలా కేకేశాడు. "నికరం డెబ్బై ఒకటండీ!"

"నికరం ఎవడిక్కావాలయ్యా? ఆవిడ ట్రేతో సహా దిగుతుంది. మొత్తం చెప్పు" అన్నారు మాస్టారు.

మొత్తం ఎనభై రెండు. అన్నేళ్ళూ నేను చేసిన తప్పూ అదే. పాతికేళ్ళప్పటి బరువుని, అదీ ఒట్టి మనిషి బరువుని పట్టుకుని గొడుగు కొలత చూసుకుంటున్నాను. గుడ్డ తగ్గిస్తూ పోయాను, నేను మాత్రం పెరుగుతూ పోయాను.

అరుగు మీదికి తిరిగొచ్చాక ఆయన అడిగారు. "నీకు దూకడం మీద విసుగొచ్చిందా, దిగడమంటే భయమేసిందా?"

"దిగడమేనండి."

"అయితే దూకడమెందుకమ్మా మానేయడం? అటపాక పక్షుల చెరువుకి వెళ్ళి గూడబాతుని చూడు, ఎంత లావు పక్షో. రెక్కలు చిన్నవి చేసుకుందా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నువ్వు పందిరన్నావు చూడు, ఆ రోజు నాకూ కష్టమేసిందే. తిరిగి చిన్నది కట్టేసుకుందామనుకున్నాను. కానీ దాంతో కాలు విరిగితే దూకడమే ఆగిపోతుంది, దూకకుండా ఉండలేను కదా" అన్నారు. నేను ఆయన పాదాలకి దణ్ణం పెట్టి క్షమించమన్నాను. "లెగమ్మా, చీలమండ జాగ్రత్త" అన్నారు.

నూట తొంభై అడుగులది కొన్నాను. తర్వాతి క్యాంపులో, విమానం తలుపు దగ్గర, కాలు మళ్ళీ విరిగితే ఇక ఇంట్లోవాళ్ళు గుమ్మం దాటనివ్వరని గుర్తొచ్చింది. దూకాను. గొడుగు మెల్లగా విచ్చుకుంది. కిందికి చూసుకునే తీరిక దొరికింది. చెరకు తోటలు, ఒక ట్రాక్టరు, దాని వెనకే వస్తున్న కొంగలు. ఇన్నేళ్ళలో ఇవేవీ చూడలేదు నేను. చివర్లో రెండు చేతులతో తాళ్ళు కిందికి లాగితే, మెట్టు దిగినంత సులువుగా రెండు కాళ్ళ మీద నిలబడ్డాను. అమ్మయ్య అనుకుని అక్కడే చతికిలబడి మాస్టారికి ఫోన్ చేశాను.

"నిలబడ్డావా?"

"నిలబడ్డానండి."

"ఎంతమంది చూశారు?"

చుట్టూ చూశాను. అందరూ అవతల దూసుకొస్తున్న ఒక కుర్రాడి మీద ఫోన్లు పెట్టారు. "ఒక్కళ్ళూ చూడలేదండి."

"అయితే సరిగ్గా దిగావు" అన్నారు.

పోయిన వేసవిలో మాస్టారు కన్నుమూశారు. ఇప్పుడు నేల తగలగానే ముందు చుట్టూ చూస్తాను. ఎవరి కళ్ళూ నా మీద లేకపోతే ప్రాణం హాయిగా ఉంటుంది.