వసెవా అడిగిన బిడ్డ

తెబోరాని ఎవరైనా ఏదైనా అడిగితే లేదు అనేది కాదు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు ఆమెను చూస్తే ఒళ్ళుమంటగా ఉండేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఊరు లంబాసాలో అందరికీ తెలుసు. కానీ అంత మంచి మనిషిమీద కోపం రావడం నాకే వింతగా ఉండేది.

సువా నగరంలో మా యూనివర్సిటీ హాస్టల్లో మెట్లపక్క గది మాది. నేను, కడవు దీవి పిల్ల వసెవా, కిరిబాస్ దీవుల నుంచి వచ్చిన తెబోరా. ముగ్గురం పంతులమ్మలం కావాలనే వచ్చాం. తెబోరాకి అప్పటికే పెళ్ళయింది. మొగుడు సరుకు ఓడమీద పనిచేసేవాడు. ఏ నెల ఏ సముద్రంలో ఉంటాడో అతనికే తెలియాలి. తెబోరా నెమ్మదస్తురాలు. నడిచినా చప్పుడుండదు, నవ్వినా చప్పుడుండదు. వంటగదిలో అందరూ అల్మారాలకి తాళాలు వేసుకుంటే ఆమె అల్మారా మాత్రం బార్లా తెరిచుండేది. ఆమె చేపల డబ్బాలు ఎవరి పళ్ళెంలోకి వెళ్ళేవో దేవుడికెరుక.

వసెవా ఆమెకి పూర్తిగా భిన్నం. నోరు మూతపడదు. ఎవరి దగ్గర ఏది కనిపించినా, "ఇది నాకిచ్చెయ్యవే" అంటుంది. కడవు వాళ్ళకి అదొక సరదా. అడగడం వాళ్ళలో మామూలే. కానీ అవతలివాళ్ళు "చూద్దాంలే" అనో, "రేపు రా" అనో నవ్వుతూ తప్పించుకుంటారు. నన్ను అడిగితే నేను, "నీ మొహానికి ఇదొకటా" అనేదాన్ని. ఆమె పడిపడి నవ్వేది. అక్కడితో సరి.

తెబోరా దగ్గర అలా సరిపోలేదు. ఆమెకి తిబుతా అనే కుచ్చుల రవిక ఒకటుండేది, వాళ్ళమ్మ చేత్తో కుట్టింది. వసెవా అది బాగుందని, తనకిచ్చెయ్యమని అడిగింది. మర్నాడు ఉతికి, మడతపెట్టి వసెవా మంచంమీద పెట్టి ఉంది. ఆ తర్వాత గొడుగు. సువా వానల్లో గొడుగు లేకుండా ఎలా తిరుగుతావే పిచ్చిదానా అని నేను అరిస్తే, "అడిగింది కదా" అంది తెబోరా, అంతకుమించి చెప్పడానికేం లేనట్టు. తడిసి ముద్దై క్లాసుకి వచ్చేది. నేను తలకొట్టుకునేదాన్ని, వసెవా నవ్వేది. నిజం చెప్పొద్దూ, కోప్పడుతూనే నేనూ నవ్వేదాన్ని.

ఇంకో సంగతి మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు. తెబోరా ఎవర్నీ ఏదీ అడిగేది కాదు. చిటికెడు ఉప్పు కూడా. వాళ్ళలో అయినవాళ్ళు నోరు తెరిచి అడిగితే ఇవ్వాల్సిందే. అందుకే ఊరికే ఎవరూ నోరు తెరవరు. ఈ మాట మాకు ఆ పిల్ల చెప్పలేదు, మేం అడగనూ లేదు.

చివరి ఏడు తెబోరా కడుపుతో ఉంది. మా వార్డెనమ్మ పైకి గట్టిగా కనబడుతుంది గానీ మనసు వెన్న. ప్రసవమయ్యేదాకా గదిలోనే ఉండమంది, ఆ తర్వాత మాత్రం పసిబిడ్డకి హాస్టల్లో చోటు లేదంది. పురిటికి వాళ్ళ ఊరు తరావా నుంచి వాళ్ళమ్మ వచ్చి, ఊళ్ళో చుట్టాలింట్లో దిగింది. మమ్మల్ని చూడటానికి ఎండుచేపలు, మొగలాకుతో అల్లిన చాప పట్టుకుని హాస్టలుకి వచ్చింది. మనిషి పొట్టి, చూపు సూటి. వచ్చీరాని ఇంగ్లీషులో మా అమ్మానాన్నల పేర్లన్నీ అడిగింది.

నలుగురం ఆ చాపమీదే కూర్చున్నాం. లోపల బిడ్డ తంతోందని తెబోరా అంటే వసెవా పొట్టమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. ఆ పిల్లకి పసిపిల్లలంటే ప్రాణం.

"తెబో, ఈ బిడ్డని నాకిచ్చెయ్. నిజంగానే అడుగుతున్నా. మా అమ్మమ్మ పేరు పెట్టుకుంటా."

నేను పకపకా నవ్వాను. ముందు నీకు మొగుణ్ణి వెతుక్కోవే, తర్వాత బిడ్డని అడుగుదువుగాని అన్నాను. వసెవా నా నెత్తిన ఒక్కటిచ్చింది. తెబోరా వాళ్ళమ్మ మాత్రం చేపల మూట విప్పుతున్నదల్లా ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది. తెబోరా తల వంచుకుని చాలాసేపు చాప అంచు సవరించింది.

"సరే," అంది చివరికి.

ఆ రోజునుంచి ముసలమ్మ వసెవాని చూసే తీరు మారింది. వచ్చినప్పుడల్లా ముందు వసెవాకే వడ్డించేది. మా కంచాల్లో తోక ముక్కలు, ఆమె కంచంలో నడిమి ముక్క. ఏం మంత్రం వేశావే అని నేను ఏడిపించాను. తెబోరా మాత్రం మాట తగ్గించేసింది. బిడ్డకోసం మొదలుపెట్టిన కుట్టుపని మధ్యలో ఆపేసింది. కాన్పు భయం కాబోలనుకున్నాం. ఒకసారి అద్దం ముందు నిలబడి రెండు చేతులా పొట్ట పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో చెబుతోంది. నన్ను చూసి చప్పున చేతులు తీసేసింది, ఎవరిదో వస్తువు ముట్టుకుని పట్టుబడినట్టు.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చాం. వసెవా, "నా కూతురు, నా కూతురు" అని వార్డంతా తిప్పింది. నర్సమ్మలు కూడా నవ్వారు.

రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం, చర్చి అయ్యాక, మేం వంటగదిలో ఉన్నాం. వసెవా కర్రపెండలం చెక్కుతోంది. నేను పప్పు తాలింపు పెడుతున్నాను. తెబోరా, వాళ్ళమ్మ లోపలికొచ్చారు. ఇద్దరూ పండగ బట్టల్లో ఉన్నారు. తెబోరా నేరుగా వసెవా ముందు కింద కూర్చుంది. చాపలో చుట్టిన బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వడిగావు వసెవా. తెచ్చాను."

వసెవా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అప్పుడు తెబోరా రవిక కనబడింది. రొమ్ముల దగ్గర పాలతో తడిసి నల్లబడి ఉంది. ఆమె దాన్ని దాచుకోవడం లేదు. పోపు మాడి పొగ వస్తున్నా స్టవ్ ఆర్పాలని తోచలేదు. వసెవా మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

"తెబో, నేనేదో ఊరికే..." అని మొదలుపెట్టింది. తెబోరా తల అడ్డంగా ఊపింది. అనొద్దు అన్నట్టు. వెనక వాళ్ళమ్మ నిలబడి ఉంది.

నేను ఆగలేకపోయాను. నీకు బుద్ధుందా, బిడ్డంటే గొడుగనుకున్నావా అని తెబోరామీద విరుచుకుపడ్డాను. ఆమె నావైపు చూసింది. అన్నేళ్ళలో ఆమె ఎవరినైనా అంత సూటిగా చూడటం అదే మొదలు.

"గొడుగడిగింది, ఇచ్చాను. మీరిద్దరూ నవ్వారు. ఇప్పుడెందుకు తిడుతున్నావు సుభా? చెల్లెలనుకున్నాను. చెల్లెలు అడిగితే కాదంటే నేనేం మనిషిని?"

అన్ని రోజులు ఒకే గదిలో పడుకున్నాం, ఒకే గిన్నెలో తిన్నాం. ఈ పిల్ల ఆ చివరి రోజులన్నీ బిడ్డని ఇచ్చెయ్యడానికే మోసిందని నాకు తెలియలేదు.

వసెవాని నడవాలోకి లాక్కెళ్ళాను. వెంటనే తిరిగిచ్చెయ్యవే అన్నాను. బిడ్డని గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకుంది.

"ఎలా ఇవ్వను? వాళ్ళమ్మ ముందర అడిగాను. తిరిగిస్తే నీ బిడ్డ నాకు పనికిరాదన్నట్టే. మా ఊళ్ళో పెద్దలు మర్యాదకిచ్చిన తిమింగలం పన్ను తిరిగిచ్చేస్తే రెండు ఊళ్ళు తరాలపాటు మాట్లాడుకోవు. బిడ్డని ఎలా తిరిగివ్వనే?"

ఉంచుకుంటే తెబోరా చచ్చిపోతుంది అన్నాను. తెలుసు అంది. అప్పుడే బిడ్డ ఏడుపు లంకించుకుంది.

మళ్ళీ లోపలికొచ్చాం. వసెవా ఊపింది, పాడింది, వేలు చీకించింది. పసిగుడ్డు గుక్కపట్టి ఎర్రబడిపోయింది. తెబోరా రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. ఆ ఏడుపుకి పాలు ధారకట్టి ఒడిదాకా కారుతున్నాయి. రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. తన బిడ్డ కాదు కదా, ముట్టుకోకూడదు. వాళ్ళమ్మ కిటికీవైపు తిరిగిపోయింది. ఆ ముసలామె భుజాలు కదలడం చూశాను. నువ్వే తిరిగి అడగవే మొద్దూ అని నేను తెబోరా చెవిలో అరిచినంత పని చేశాను. ఇచ్చిన నోటితో ఎలా అడగను అంది, అంతే.

వసెవా మోకాళ్ళమీద కూర్చుంది. బిడ్డని చాపమీద పడుకోబెట్టి, చేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టింది, వాళ్ళ ఊళ్ళో పెద్దల ముందు ఏదైనా వేడుకునేటప్పుడు కొట్టినట్టు. ఆ నోటినుంచి వేళాకోళం లేని మాట నేను అప్పటిదాకా వినలేదు.

"తెబోరా, ఇది నా బిడ్డ. నాకు పాలు లేవు, ఇల్లు లేదు, పెంచడం చేతకాదు. నిన్ను అడుగుతున్నాను. నా బిడ్డని నువ్వు పెంచిపెట్టు."

తెబోరా వాళ్ళమ్మవైపు చూసింది. ముసలమ్మ చేత్తో మొహం తుడుచుకుంది.

"అడిగింది కదే," అంది.

ఆ తర్వాత తెబోరా బిడ్డని ఎలా అందుకుందో నాకు సరిగ్గా తెలియదు. చూస్తుండగానే చాపమీద బిడ్డ లేదు, ఏడుపు లేదు. వంటగది నేలమీదే కూర్చుని, మా ఎవరివైపూ చూడకుండా పాలిస్తోంది. వసెవా వెళ్ళి మాడిన గిన్నె తోమడం మొదలుపెట్టింది. అది నా గిన్నె అని కూడా ఆమెకి గుర్తులేదు.

పరీక్షలయ్యాక తెబోరా బిడ్డతో తరావా వెళ్ళిపోయింది. దూరపు దీవిలో బడిపంతులమ్మ అయింది. ఆ పిల్లకి వసెవా అమ్మమ్మ పేరే పెట్టింది, లోసెనా అని. వసెవా, నేను సువాలోనే ఉద్యోగాల్లో పడ్డాం. ఆ ఆదివారం తర్వాత వసెవా ఇంకెవర్నీ ఏదీ సరదాకి అడగలేదు. ఎవరి ఇంటికి వెళ్ళినా అది బాగుంది అనడానికి కూడా భయపడేది. ఆమెకి పెళ్ళయింది, ఇద్దరు మగపిల్లలు. కిరిబాస్ వెళ్ళేవాళ్ళ చేత లోసెనాకి గౌన్లు, బొమ్మలు పంపేది. అదంతా ఒక పాత ముచ్చటగా మిగిలిపోయిందనే అనుకున్నాం.

మొన్న ఫిబ్రవరిలో హాస్టల్లో కొత్తపిల్లలు చేరే రోజు తెబోరా కూతుర్ని చేర్పించడానికి వస్తోందని కబురొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. తెబోరాకి జుట్టు నెరిసింది. పక్కన ఆమెకంటే పొడుగ్గా ఒక పిల్ల, భుజాన మొగలాకు చాప. అదే మెట్లు, అదే వంటగది, అల్మారాలకి అవే తాళాలు. తెబోరా కూతురి చెయ్యి పట్టుకుని తెచ్చి వసెవా చేతిలో పెట్టింది.

"పెంచిపెట్టమన్నావు. పెంచాను. నీ బిడ్డ."

వసెవా బిత్తరపోయింది. నేనైతే పక్కనున్న బెంచీమీద కూలబడ్డాను. పద్దెనిమిదేళ్ళు. రోజూ అన్నం పెట్టి, జడవేసి, జ్వరానికి మేలుకుని, అన్నాళ్ళూ ఇతరుల బిడ్డగానే చూసుకుందా ఈ మనిషి? ఆ పిల్లకి వింతగా లేదు. వంగి వసెవా బుగ్గమీద ముద్దు పెట్టి, "అమ్మా" అంది. తనకి సువాలో ఇంకో అమ్మ ఉందని పుట్టినప్పటినుంచీ తెలుసట.

వసెవా ఏడుస్తూ ఆ పిల్లని వదల్లేదు. తెబోరా కాసేపు నిలబడింది. వాన మొదలైంది. వెళ్ళబోయి ఆగింది. ఆమె నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం చూశాను. చివరికి తల వంచుకుని, మాకు వినబడీ వినబడనట్టు అంది.

"వసెవా, నేనొకటి అడగనా? సెలవుల్లో దాన్ని నా దగ్గరికి పంపుతావా?"