ముందే ఏడ్చినవాళ్లకు భోజనాలు

మా తోటికోడలు రత్నాలమ్మకు నోరెక్కువ అని ఊరంతా అంటుంది. ఎక్కువే. ఆ నోరు లేకపోతే మా తనూజ ఇవాళ ఉండేది కాదు. కాబట్టి ఆ మాట అనేవాళ్లు నా ఎదుట మాత్రం అనకండి.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. మగవాళ్లు వేటకు పోతే మేమిద్దరం ఎండుచేపల తట్టలు నెత్తిన పెట్టుకుని పలాస వెళ్లి అమ్ముకొస్తాం. రెండువేల మూడులో ఒక పొద్దున రత్నాలమ్మ కూతురు తనూజ కళ్లు తెరవలేకపోయింది. రెప్పలు అంతలా ఉబ్బిపోయాయి. అప్పటికి దానికి ఆరేళ్లు. టెక్కలిలో పరీక్షలు చేసి, కిడ్నీ జబ్బు, విశాఖ తీసుకెళ్లండి అన్నారు.

కిడ్నీ అనే మాట మా ఊళ్లో మామూలు మాట కాదు. మా మామ ఆ జబ్బుతోనే పోయాడు. వీధి వీధిలో అలా పోయినవాళ్లున్నారు. అందుకని పిల్ల ఇంకా రైలైనా ఎక్కకముందే జనం పరామర్శకు బయలుదేరారు. అరటిపళ్లు పిల్ల ఒళ్లో పెట్టడం, తల నిమరడం, ముక్కు చీదడం! తనూజ బిక్కమొహం వేసుకుని అందరినీ చూస్తోంది. మా అత్త మంగమ్మయితే అందరికన్నా గట్టిగా ఏడ్చింది.

"ఎందుకే ఈ తిప్పలు? మీ మావని మాత్రం ఇసాపట్నం తీసుకెల్లలేదేటి? ఏటైనాది? గుంటని ఇంటికాడే ఉండనీ."

రత్నాలమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా గుంట బతికే ఉంది! ఏడవాలనుంటే మీ ఇల్లకాడ ఏడండి. నా గడప లోపల ఒక్క సుక్క రాలినా ఊరుకోను!"

అబ్బబ్బ, ఎంత తలవంపులు! పరామర్శకొచ్చినవాళ్లను చీపురుతో తరిమే మనిషిని ఎక్కడైనా చూశారా? పళ్లు మాత్రం తిరిగివ్వలేదు.

ఆమె మొగుడు అప్పుడు పారాదీప్ బోట్ల మీద ఉన్నాడు. నేనే తోడు వెళ్లాను. విశాఖలో ఆసుపత్రి చీటీలు రాసేవాడు మా ఊరి పేరు వినగానే, "ఉద్దానమా? ఇంకేం చేస్తాం" అని పెదవి విరిచాడు. రత్నాలమ్మ పిల్లను ఎత్తి అతని బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఊరికి కాదు బాబూ మందడిగినాను, ఈ గుంటకి. సీటీ రాయి. ఏం సేత్తారో డాట్రమ్మ సెప్తాది."

వెనక వరసంతా తిట్టింది. తిట్టనీ. చీటీ మాత్రం చేతికొచ్చింది.

పిల్లల డాక్టరమ్మ కుసుమ నిదానంగా చెప్పింది. "ఇది మీ ఊళ్లలో పెద్దవాళ్లకొచ్చే జబ్బు కాదమ్మా. పిల్లలకొచ్చేది వేరు. చాలామందికి మందుతో తగ్గుతుంది. మాత్రలకి బుగ్గలు ఉబ్బుతాయి, భయపడకండి. నేను చెప్పేదాకా ఆపొద్దు. ఉప్పు తగ్గించండి."

వాపు దిగింది. బుగ్గలు గుండ్రంగా ఉబ్బాయి. మా అత్త వింటేగా! మళ్లీ నీరు పడుతోందని, మేము పలాస పోయిన పూటల్లా మాత్రలు పొయ్యిలో పారేసి ఏదో పసరు తాగించింది. కొద్దిరోజులకే రెప్పలు మళ్లీ ఉబ్బాయి, సంగతి బయటపడింది.

ఇంక ఇంటి కప్పెగిరిపోతుందనుకున్నాను. రత్నాలమ్మ అరవలేదు. అత్త చెయ్యి పట్టుకుంది.

"పద అత్తా. ఈసారి నువ్వే రా. డాట్రమ్మ నోటెంట ఇను."

డాక్టరమ్మ ముందు మా అత్త మాత్రల సంగతి ఒప్పుకుంది. తర్వాత తలొంచుకుని అడిగింది.

"అమ్మా, ఈ మందు అప్పుడిత్తే మాయన బతికేవోడా?"

"లేదమ్మా. ఆయన జబ్బు వేరు. మీరు చెయ్యగలిగిందంతా చేశారు."

మా అత్త అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆయన పోయిన నాటి నుంచి ఆ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది. నాకూ ఏడుపాగలేదు. రత్నాలమ్మ కసురుకోలేదు. పిల్లను నాకిచ్చి, అత్త పక్కన కూర్చుని వీపు నిమిరింది.

అప్పటి నుంచి మాత్రలు అత్త కొంగున కట్టుకుంది. చేపలకు ఉప్పు పట్టించి బతికే మా ఇంట్లో చప్పిడి కూడు అందరికీ వండించింది, గుంట ఒక్కతే ఎందుకు తినాలని. నాకైతే ప్రాణం మీదకొచ్చింది. జబ్బు మళ్లీ తిరగబెట్టింది, మళ్లీ విశాఖ పరిగెత్తాం. అలా తిరిగి తిరిగి, తనూజ ఆరో తరగతికొచ్చాక డాక్టరమ్మ ఇక మాత్రలు అక్కర్లేదంది.

ఆ ఆదివారం రత్నాలమ్మ ఊళ్లో తిరిగి, అప్పుడు అరటిపళ్లు తెచ్చినవాళ్లందరినీ పేరుపేరునా భోజనానికి పిలిచింది. ఎండుచేపల పులుసు, ఉప్పూ కారం దట్టించి. తనూజే వడ్డించింది.

"తినండి. ఆ రోజు ఏడిసి ఎల్లిపోనారు, ఈ రోజు తిని ఎల్లండి" అంది రత్నాలమ్మ.

తల వంచుకునే తిన్నారందరూ. చెయ్యి కడుక్కున్నాక ఒకావిడ తనూజను దగ్గరకు తీసుకుని, తల నిమిరి, ముక్కు చీదబోయింది. రత్నాలమ్మ నోరు తెరిచేలోపే, మా అత్త లేచి మూలనున్న చీపురు అందుకుంది.